వాసన తెలియని మనిషి

“తొట్టిలో పులుస్తున్న గింజల వాసన చూడ్డానికి మీ ఆయన కిందికి వంగారు. లోపలి గ్యాసుకి కళ్ళు తిరిగి అందులోనే పడ్డారు. ఊపిరాడక పోయారు. కాగితాల మీద ఇదే రాసుకున్నారు. నువ్వేమంటావమ్మా?”

అడిగాడు డిటెక్టివ్. కాఫీ తోట అతిథిగృహంలో రెండు మంచాలున్న గది అది. ఒక మంచం మీద ఆమె కూర్చుని ఉంది. రెండో మంచం మీద దుప్పటి మడత విప్పకుండా అలాగే ఉంది. మొన్న సాయంత్రం భర్త చనిపోయినప్పటి నుంచి ఆ మంచం వైపు చూడకుండా కూర్చోవడం ఆమెకి అలవాటైపోయినట్టుంది. ఆమె పెళ్ళికి ముందు నుంచీ తండ్రికి స్నేహితుడు కాబట్టే, కబురు అందగానే విమానం ఎక్కి ఆ పరాయి దేశానికి వచ్చాడు డిటెక్టివ్. పోలీసు ఉద్యోగం వదిలి చాలా కాలమైంది. మోకాళ్ళు వద్దంటున్నా కొండ ఎక్కాడు.

“ఆయన వంగి ఉండరు బాబాయిగారూ.”

“అంత గట్టిగా ఎలా చెప్పగలవు?”

ఆమె తలుపు వైపు చూసింది. వరండాలో ఆమె తమ్ముడు అటూ ఇటూ తిరుగుతున్నాడు. డిటెక్టివ్ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

“ఆయనకి వాసన తెలియదు.”

డిటెక్టివ్ కూర్చోబోతున్నవాడు అలాగే ఆగిపోయాడు. చనిపోయినవాడు కాఫీ టేస్టరు. మామూలు టేస్టరు కూడా కాదు. ఆయన చెంచాడు కాఫీ జుర్రి తల ఊపితే ఆ తోట పంట పండినట్టే, పెదవి విరిస్తే ఆ ఏడు ఆ గింజల్ని ముట్టుకునే నాథుడుండడు. అలాంటి మనిషికి ముక్కు లేదంటే, వేలు పోయిన వీణ విద్వాంసుడు కచేరీలు చేస్తున్నాడన్నట్టే.

“ఎప్పటి నుంచి?”

“రెండేళ్ళయింది. జ్వరం వచ్చి తగ్గింది. వెళ్తూ వెళ్తూ ముక్కుని తీసుకుపోయింది. ముక్కు పోతే నాలుక మిగిలినా ఒకటే. చేదు, పులుపు, తీపి... అంతకు మించి ఏమీ తెలిసేది కాదు.”

“మరి ఈ రెండేళ్ళూ?”

“నేనే.” ఆమె తలెత్తింది. “కప్పులు సర్దే నెపంతో ముందు నేను పీల్చి చూసేదాన్ని. తర్వాత ఆయన జుర్రి, ఉమ్మి, కళ్ళు మూసుకునేవారు. నేను కొంగు సర్దుకుంటే బాగుందని. గాజులు వెనక్కి తోసుకుంటే లేదని. అందరూ ఆయన మొహంలోకి చూసేవాళ్ళు. ఆయన నా చేతుల్లోకి చూసేవారు.”

“ఇంకెవరికి తెలుసు?”

“డాక్టరుకి. తమ్ముడికి కూడా చెప్పలేదు. ఫోటోలు తీస్తానని మాతో వచ్చాడు, వాడి ముందు కూడా నటించాం.”

“ఇక్కడికొచ్చాక ఎవరికైనా అనుమానం వచ్చిందా?”

“లేదు.”

ప్రశ్న పూర్తికాక ముందే వచ్చింది ఆ జవాబు. అబద్ధానికి తొందరెక్కువ అని డిటెక్టివ్‌కి తెలుసు. కానీ ఆమె కళ్ళు చూశాక రెట్టించబుద్ధి కాలేదు. భర్త వస్తువులున్న మూట మాత్రం ఇవ్వమని అడిగి తీసుకున్నాడు.

“మధ్యాహ్నానికల్లా ఆయన్ని కొండ దింపుతామంటున్నారు. ఈలోపు తేల్చగలరా బాబాయిగారూ?”

“చూద్దాం తల్లీ,” అన్నాడాయన. అంతకు మించి మాట ఇవ్వడం చేతకాలేదు.

వరండాలోకి రాగానే తమ్ముడు పక్కకి తప్పుకున్నాడు. మెడలో కెమెరా లేదు. నిద్ర లేని కళ్ళు. “అక్క ఏమంది?” అని అడిగాడు. డిటెక్టివ్ ఏమీ చెప్పకపోయేసరికి ఊపిరి వదిలాడు. అది నిట్టూర్పులా లేదు, గండం గడిచినవాడి ఊపిరిలా ఉంది.

*

మిల్లు అతిథిగృహానికి ఎగువన ఉంది. దారి పొడవునా నెత్తి మీద ఆకాశం తప్ప మరో కప్పు లేదు. వాన తెరిపివ్వకుండా కురుస్తోంది. కాఫీ తోటలు చూపిస్తామని ఆ దంపతుల్ని తీసుకొచ్చిన టూరు కంపెనీ ప్రతి అతిథికీ ఇచ్చే పసుప్పచ్చ రెయిన్‌కోటు ఒకటి డిటెక్టివ్‌కీ ఇచ్చారు. టోపీ ముందుకు లాక్కుంటే లోపల ఉన్నది ఆడో మగో కూడా పోల్చుకోలేని కోటు అది.

షెడ్డు దగ్గర మిల్లు మేనేజరు ఎదురొచ్చాడు. మెడకి మఫ్లరు చుట్టుకున్న మెతక మనిషి. ముత్తాతల కాలంలో ఈ తోటల్లో పనికి వచ్చి స్థిరపడ్డవాళ్ళ మునిమనవడు. కొండ మీద అందరూ అలాంటివాళ్ళే కావడంతో దేశం పరాయిదైనా మాట మనదే.

“ఇదేనండీ ఆ తొట్టి. నిన్న పొద్దున్నే పనివాళ్ళు వచ్చి చూస్తే ఆయన కనిపించారు. బోర్లా పడి ఉన్నారు. పచ్చి గింజ పులిసేటప్పుడు గ్యాసు కక్కుతుందండీ. కొత్తవాళ్ళకి తెలియదు.” గొంతులో నిజంగానే తడి ఉంది. “నేను అంబులెన్సు సంగతి చూడాలి. ఏం కావాలన్నా ఆ బాబుగారిని అడగండి.”

ఆ బాబుగారు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. బురదలో కూడా మాసిపోని సూటు, మెడకి టై. డిటెక్టివ్‌కి ఆ నిలబడే తీరు తెలుసు. ఒకప్పుడు తన చేతి కింద పని నేర్చుకున్న కుర్రాడు. మాట పదును చూసి చురకత్తి అని పేరు పెట్టింది కూడా తనే. ఇప్పుడు పెద్ద ఏజెన్సీలో ఉన్నాడు. టూరు కంపెనీ తరఫున ఈ చావుని ప్రమాదంగా మూసేసి రమ్మని వాళ్ళు పంపారు.

“నమస్కారం గురువుగారూ. ఈ వయసులో ఈ కొండలూ, ఈ వానలూ... మీకెందుకండీ ఈ తిప్పలు?”

“కందకు లేని దురద కత్తిపీటకెందుకనా?”

“నేనలా అనలేదు.”

“అనుకున్నావుగా, చాలు.”

డిటెక్టివ్ తొట్టి అంచు దగ్గర కష్టం మీద కూర్చున్నాడు. సిమెంటు తొట్టి, నడుము లోతు. సగానికి పైగా తొక్క తీసిన గింజలు నింపి ఉన్నాయి. వాటి నిండా జిగురు, పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోతున్నాయి. షెడ్డుకి పైన రేకులే గానీ చుట్టూ గోడల్లేవు. వాన జల్లు ఒక పక్క నుంచి కొట్టి రెండో పక్కకి పోతోంది.

జేబులోంచి కొవ్వొత్తి తీసి వెలిగించి, అరచెయ్యి అడ్డం పెట్టి, గింజలకి తగిలేంత కిందికి దింపాడు. మంట గాలికి వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. ఆరలేదు.

“గ్యాసు ఉంటే కొవ్వొత్తికి ముందు ఊపిరాడకూడదు కదరా.”

“ఆ సాయంత్రం గాలి లేదేమో.”

“గాలి లేకుండా కుండపోత వానా? సరే, అది వదిలెయ్. ఆ సాయంత్రం వానలో ఆయన అతిథిగృహం నుంచి ఇక్కడిదాకా వచ్చాడు. ఒంటి మీద రెయిన్‌కోటు లేదు, చేతిలో గొడుగు లేదు. గదిలో చూశాను, అక్కడ ఉన్నది భార్య కోటొక్కటే. ఆయనది ఏమైంది?”

చురకత్తి టై సర్దుకున్నాడు. “పనివాళ్ళెవరో తీసి ఉంటారు. చచ్చినవాడి కోటు పోయిందని కేసు కడతామా?”

డిటెక్టివ్ మూట విప్పి మృతుడి బూటు ఒకటి బయటికి తీశాడు. అడుగున గాడిలో ఎర్రటి కాఫీ పండు తొక్క ఒకటి చితికి ఇరుక్కుని ఉంది.

“ఈ తొట్టిలో తొక్క తీసిన గింజలే ఉన్నాయి. మరి ఇదెక్కడిది?”

“అయ్యో గురువుగారూ. ఆ రోజు పొద్దున టూరు వాళ్ళంతా తోటలో పండ్లు కోశారు. కావాలంటే అందరి చెప్పులూ తిరగేసి చూడండి, గంపెడు తొక్కలు దొరుకుతాయి.”

“ముక్కు దగ్గర పెట్టుకుని ఆ మాట అను.”

చురకత్తి అయిష్టంగానే బూటు అందుకుని వాసన చూశాడు. మొహం చిట్లించి దూరంగా పెట్టాడు.

“సారా వాసన.”

“చెట్టు మీంచి కోసిన పండుకి ఆ వాసన రాదు. గాలి తగలకుండా మూసిపెట్టి పులియబెడితే వస్తుంది. ఇక్కడ అలా ఎక్కడ పులియబెడతారు?”

చురకత్తి బూటు తిరిగి ఇచ్చేశాడు.

“మీరే నేర్పారండీ,” అన్నాడు చురకత్తి, ఈసారి వెటకారం కాస్త తగ్గించి. “శవం దొరికిన చోట మొదలుపెట్టమని.”

“మొదలుపెట్టమన్నాను. అక్కడే చాప పరుచుకుని పడుకోమనలేదు.”

*

షెడ్డు వెనక ఉంది స్టీలు గది. కొత్తగా కట్టారు. బయటి నుంచి చూస్తే ఐసు గదిలా ఉంటుంది. తోటలో మేలిరకం పండ్లని తొక్క తీయకుండా బుట్టలకెత్తి అందులో పెడతారు. తలుపు బిగించి, సిలిండర్ల నుంచి గొట్టం ద్వారా గ్యాసు వదిలి పులియబెడతారు. గ్యాసు తిప్పే చక్రం గది బయట ఉంది. తలుపు గడియా బయటే.

విచారణ కోసమని తీసుకున్న తాళాల గుత్తి చురకత్తి దగ్గరుంది. తలుపు తీయగానే ఇద్దరూ ఒకేసారి వెనక్కి తగ్గారు. కల్లుపాకలో కుండ పగిలినట్టు గుప్పుమంది. ముక్కులో సూదులు గుచ్చినట్టయి కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

“ముక్కున్నవాడెవడూ దీన్లోకి అడుగు పెట్టడు,” అన్నాడు చురకత్తి దగ్గుతూ.

డిటెక్టివ్ లోపలే అనుకున్నాడు. ముక్కు లేనివాడు పెడతాడు. పిలిచినవాళ్ళ మీద నమ్మకంతో, ఎప్పటిలాగే తెలిసినవాడిలా నటిస్తూ, తల ఊపుతూ లోపలికి నడుస్తాడు. ఆ నడక కళ్ళ ముందు కనిపించి ఆయన మనసు చివుక్కుమంది.

గుమ్మం బయటే నిలబడి కొవ్వొత్తిని ఒక కర్రకి కట్టి లోపలికి చాపాడు. తల ఎత్తులో మంట ఉంది. మోకాలి ఎత్తుకి దించగానే, ఎవరో గిల్లేసినట్టు ఆరిపోయింది. పక్కనున్న చురకత్తి ఆరిన వత్తి వైపే చూస్తూ ఉండిపోయాడు.

తలుపు బార్లా తీసి ఉంచారు. ఈలోపు చురకత్తి అతిథిగృహానికి వెళ్ళి అంబులెన్సు సంగతి చూసి వచ్చాడు. గాలి ఆడిందని కొవ్వొత్తి ఒప్పుకున్నాకే లోపలికి వెళ్ళారు. బుట్టల నిండా నల్లబారిన ఎర్రపండ్లు. గచ్చు మాత్రం కడిగి తుడిచినట్టుంది. మిల్లు మొత్తంలో అంత శుభ్రమైన గచ్చు ఇంకోటి లేదు. డిటెక్టివ్ తలుపు పక్కన వంగి, కీలు దగ్గర ఇరుక్కున్న పసుప్పచ్చ పీలిక ఒకటి గోటితో లాగాడు. రెయిన్‌కోటు ముక్క. దాని అంచున ఎర్రటి మరక ఎండిపోయి ఉంది.

“కోటుకి ఈ మరకలంటాయి. అందుకే దాన్ని విప్పి మాయం చేశారు. శవాన్ని తొట్టిలోకి చేర్చారు. బూటు అడుగు చూసుకోలేదు.”

“చంపితే ఎవరికి లాభం గురువుగారూ? ఆయన మెచ్చుకుంటేనే కదా తోటకి పేరు. బంగారు గుడ్డు పెట్టే బాతుని ఎవడు కోసుకుంటాడు?”

డిటెక్టివ్‌కీ అక్కడే ముడి పడింది. వాసన తెలియని మనిషి ఎవరికీ అపకారం చేయలేడు. అతని చేత ఏ మాట అనిపించాలన్నా, ఏ మాట ఆపాలన్నా...

గుమ్మం దగ్గర అలికిడైంది. ఆమె తమ్ముడు వానలో తడిసి నిలబడి ఉన్నాడు. చూపు డిటెక్టివ్ చేతిలో ఉన్న పసుప్పచ్చ పీలిక మీద ఉంది.

“బావ... ఇక్కడా?” అన్నాడు.

“ఇక్కడికొచ్చాడని నీకు ముందే తెలుసు. పొద్దుట్నుంచీ నా వెనకే తిరుగుతున్నావు. చెప్పు.”

“నాకేం తెలియదండీ.”

“నీళ్ళు నమలకు. మీ అక్క రెండో మంచం వైపు చూడలేక కూర్చుని ఉంది. నువ్వు మీ అక్క మొహం వైపే చూడలేకపోతున్నావు. ఏం చేశావు?”

అతను గోడ పట్టుకుని గచ్చు మీద కూలబడ్డాడు.

“నేనేమీ చేయలేదండీ. కబురు మోశాను, అంతే. ఆ సాయంత్రం మేనేజరుగారు నన్ను ఆపి, స్టీలు గది దగ్గరికి రమ్మని చెప్పమన్నారు. పండు రుచి చూడాలట. ఒంటరిగా రమ్మన్నారు. గదికి వెళ్ళి చెప్పాను. బావ కోటు తగిలించుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ...” మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. “నేను చెప్పకపోతే వెళ్ళేవాళ్ళు కాదు కదండీ. మేనేజరుగారు కూడా అన్నారు, నువ్వు పిలిచావని తెలిస్తే మీ అక్క జన్మలో క్షమించదు, నోరు మెదపకు అని.”

“మీ బావని రమ్మన్నాడా?”

అతను తలెత్తాడు.

“బావని కాదండీ. అక్కని. అక్క తలనొప్పిగా ఉందని పడుకుంది. లేపొద్దురా, పాపం రోజూ అదే కష్టపడుతోంది, ఇవాళ నేను వెళ్తాలే అన్నారు బావ.”

ఆ సాయంత్రం జరిగింది డిటెక్టివ్ కళ్ళకి కట్టింది. టోపీ ముందుకు లాక్కున్న పసుప్పచ్చ కోటొకటి వానలో నడిచొచ్చి గదిలోకి వెళ్ళింది. బయట కాచుకున్నవాడు లోపల ఎవరున్నారో చూడలేదు. గడియ పెట్టి చక్రం తిప్పాడు. తలుపు తీశాక గానీ తెలియలేదు, తను చంపింది ఎవరినో.

“మీ అక్క ఎక్కడ?”

తమ్ముడు చురకత్తి వైపు చూశాడు.

“ఇందాకే బయల్దేరారు,” అన్నాడు చురకత్తి. “మధ్యాహ్నం అనుకున్నది, వాన ఎక్కువైతే దారి మూసుకుపోతుందని తొందరపెట్టాను. అంబులెన్సు ముందు వెళ్ళింది. వెనక జీపులో ఆవిడ.”

“జీపు ఎవరు నడుపుతున్నారు?”

“మేనేజరు. అంబులెన్సులో చోటుంది గురువుగారూ, ఎక్కమన్నాను కూడా. ఆవిడే వద్దన్నారు. మేనేజరుగారితో జీపులో వస్తానన్నారు.”

తెలియక ఎక్కడం ఒక ఎత్తు. చోటుండీ వద్దని ఎక్కడం ఇంకో ఎత్తు. తొందరగా వచ్చిన ఆ “లేదు” డిటెక్టివ్ చెవిలో మోగింది.

“నీ కారు తియ్యి.”

“అది కంపెనీది...”

“తియ్యమన్నానా.”

*

కొండ దారి పాము మెలికల్లా ఉంది. చురకత్తి టై ఊడదీసి వెనక సీట్లోకి విసిరేశాడు. అద్దం మీద నీళ్ళు తుడిచే పుల్లలు తుడుస్తూనే ఉన్నాయి, వాన పోస్తూనే ఉంది. వెనక సీట్లో తమ్ముడు పెదవులు కదుపుతున్నాడు. ఏ దేవుణ్ణి పిలుస్తున్నాడో అతనికే తెలియాలి. ఫోన్లు పనిచేయలేదు.

ఒక మలుపు దగ్గర రోడ్డు అంచున రాళ్ళు చెదిరి ఉన్నాయి. చురకత్తి బ్రేకు వేశాడు.

ఆమె రోడ్డు పక్కన నిలబడి ఉంది. నుదుటి నుంచి నెత్తురు వానతో కలిసి చెంప మీదికి కారుతోంది. కాళ్ళకి చెప్పుల్లేవు. దిగువన, కాఫీ మొక్కల వరసల్ని తొక్కుకుంటూ పోయి, జీపు ఒక పెద్ద చెట్టుకి ముక్కు గుద్దుకుని ఆగి ఉంది. తలుపు ఒకటి వేలాడుతోంది.

చురకత్తి కోటు విప్పేసి, మొక్కలు పట్టుకుంటూ కిందికి దిగసాగాడు. తమ్ముడు అక్క దగ్గరికి పరిగెత్తబోయి, రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

“దెబ్బలు గట్టిగా తగిలాయా తల్లీ?” అన్నాడు డిటెక్టివ్.

“నాకేం కాలేదు బాబాయిగారూ. ముందే తలుపు పట్టుకుని కూర్చున్నాను. మలుపు రాగానే స్టీరింగు పట్టుకుని లాగేశాను.”

డిటెక్టివ్ తన రెయిన్‌కోటు తీసి ఆమె భుజాల మీద కప్పాడు. ఆమె వణకడం లేదు. అందుకే ఆయనకి భయమేసింది.

“వాడేనని నీకు తెలుసు.”

“మొదటి రోజే నోరు జారాను. ఇంకా గ్యాసు వదలని ఆ స్టీలు గదిలో పండు చూపించి, మా కొండ పంటే అన్నాడు. వాసన చూడగానే, ఈ పండు ఈ కొండది కాదే అనేశాను. చవక పండు ఎక్కడి నుంచో తెచ్చి కలుపుతున్నాడు. ఆయన పక్కనే ఉన్నారు, కానీ వాడు ఆయన వైపు చూడలేదు. నా వైపే చూశాడు. మా గుట్టు వాడికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.” ఆమె చేతులు చూసుకుంది. “ఆయన దొరికిన రోజు పొద్దున వచ్చి ఓదారుస్తూ నా చేతులు పట్టుకున్నాడు. సబ్బుతో బాగా కడుక్కున్నాడు. ఆ సబ్బు వాసన కిందే ఉంది, ఆ గది వాసన.”

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“ఎలా తెలిసిందంటే ఏం చెప్పను? కోర్టులో నా ముక్కు గురించి చెప్పాలంటే ముందు ఆయన ముక్కు గురించి చెప్పాలి. మీరొక్కరైతే కడుపులో దాచుకుంటారు. ఊరందరికీ ఎలా చెప్పను, మా ఆయన రెండేళ్ళు నటించాడని? అడుగుదామని జీపెక్కాను. అడిగాను కూడా. వాడు కాదనలేదు బాబాయిగారూ. రోడ్డు వైపు చూస్తూనే, మీరనుకున్నానండీ అన్నాడు. తప్పు సంచీ తూకం వేసినవాడిలా. అంతే, నా చేతులు నా మాట వినలేదు.”

తమ్ముడు నోరు తెరిచాడు. “అక్కా, ఆ కబురు...”

“ఇప్పుడొద్దురా,” అంది ఆమె, అతని వైపు తిరగకుండానే.

డిటెక్టివ్ దిగువకి చూశాడు. వంగిన మొక్కల మధ్య చురకత్తి తెల్ల చొక్కా బురద ముద్దగా మారింది. జీపు తలుపులోంచి సగం లోపలికి దూరి ఉన్నాడు. మేనేజరుని పేరు పెట్టి పిలుస్తున్నట్టు వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు. ఇంతకాలం ఎన్నో చావుల దగ్గర నిలబడ్డాడు గానీ, ఏ కబురు రావాలని కోరుకోవాలో తెలియకుండా నిలబడడం డిటెక్టివ్‌కి ఇదే మొదటిసారి. మేనేజరు చస్తే కేసుతో పాటు టేస్టరు గుట్టూ మట్టిలో కలిసిపోతుంది. కానీ ఆ పిల్ల జన్మంతా హంతకురాలిగా బతకాలి.

చివరికి చురకత్తి తల బయటికి తీసి, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని కేకేశాడు.

“ఊపిరుంది గురువుగారూ. తాడు ఏదైనా పడెయ్యండి.”

ఆ మాట వినగానే, అంతసేపూ కర్రలా నిలబడిన మనిషి తడి రోడ్డు మీద కూర్చుండిపోయింది. అది ఊరటతోనో, ఉసూరుమంటూనో డిటెక్టివ్‌కి అర్థం కాలేదు. అడగాలనీ అనిపించలేదు. తాడు కోసం కారు వైపు నడిచాడు.